వెలిసిపోయే బిల్లు, నిలిచే లెక్క

పోయిన వానాకాలములో ఎడ్లపాడు దగ్గర మా చేలో వేసిన పత్తి గింజలు సగానికి సగము మొలవలేదు. దుకాణానికి వెళితే "బిల్లు ఏది?" అన్నారు. ప్లాస్టిక్ కవరులో భద్రముగా దాచిన బిల్లు తీసి చూస్తే తెల్ల కాగితమే మిగిలింది! రుజువు లేక వట్టి చేతులతో తిరిగివచ్చాము.

మిషను బిల్లులలో చాలావాటికి సిరా ఉండదు. కాగితానికి పూసిన మందు వేడికి నల్లబడి అక్షరమవుతుంది. ఎండ, నూనె చేతులు, కొన్ని ప్లాస్టిక్ కవర్లు తగిలితే అది వెలిసిపోతుంది.

అందుకే ఇప్పుడు బిల్లు వచ్చిననాడే వెలుతురులో బల్లపై పరచి, నాలుగు మూలలూ కనబడేటట్లు ఫోనులో ఫోటో తీస్తున్నాము. తేదీ, సరుకు, సొమ్ము దానికి పేరుగా వ్రాస్తాము. విత్తనాల బిల్లుమీద లాటు నంబరు ఉన్నదీ లేనిదీ అక్కడే చూచుకుంటాము. ఫోను పోయినా ఫోటోలు పోకుండా గూగుల్ డ్రైవ్‌లో కూడా దాస్తాము. అసలు బిల్లును పారవేయము.

నెలాఖరున ఇంటిల్లిపాదీ కూర్చుండి లెక్క చూస్తాము. ఒకరిని తప్పుపట్టుటకు కాదు, తెలిసికొనుటకే. నెల సామానుకంటే మధ్యమధ్య తెచ్చిన చిల్లర సామానుకే ఎక్కువైనదని మొదటి నెలలోనే తెలిసింది.

వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ప్రకారము ఫిర్యాదుకు కారణము ఏర్పడిననాటినుండి 2 సంవత్సరముల గడువున్నది. సలహాకు 1915కు ఫోను చేయవచ్చును. అంతకాలము మన బిల్లు బ్రతకాలి కదా!

ఈ సాయంత్రమే మీ బిల్లుల సంచి దింపండి. అక్షరాలు మసకబారుతున్నవాటిని ముందుగా ఫోటో తీయండి.