తుఫాను వేళ మందుల చీటి

మూర్ఛవ్యాధి గలవారు నిత్యము వాడు మందును హఠాత్తుగా మానినచో ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. తుఫానులో వైద్యశాల మూతపడి, మందుల సీసా నీటిపాలైనచో అట్టి రోగి గతి యేమి? వైద్యుని అనుమతి లేనిదే ఫార్మసిస్టు ఇట్టి మందును మామూలుగా ఈయరాదు గదా!

అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర చట్టము ఇందుకొక మార్గము చూపుచున్నది. మందు ఆగినచో చికిత్సకు భంగము కలుగునని ఫార్మసిస్టు తలచి, వైద్యుని సంప్రదించుటకు వీలుకానప్పుడు, పాత చీటిని బట్టి 72 గంటలకు సరిపడు మందు ఈయవచ్చును. గవర్నరు విపత్తును ప్రకటించి, రాష్ట్ర ఫార్మసీ బోర్డు అనుమతి తెలిపినచో 30 రోజులకు సరిపడునంత వరకు ఈయవచ్చును. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను ఆ తీరమును తాకినప్పుడు ఈ ఏర్పాటు అక్కరకు వచ్చినది.

ఈ అధికారమునకు హద్దులు కలవు. వ్యసనమునకు దారితీయు మార్ఫిన్ వంటి మందులకు ఇది వర్తింపదు. వైద్యుని అనుమతి లేకయే ఇచ్చుచున్నట్లు రోగికి చెప్పవలెను. వీలైనంత త్వరలో వైద్యునికి తెలుపవలెను. ఏలయనగా, ఫార్మసిస్టుకు మందు గుణము తెలియును గాని రోగిని పరీక్షించినవాడు వైద్యుడు. కనుక వైద్యుడు మొదలిడిన చికిత్స నడుమ తెగిపోకుండ కాపాడుట వరకే చట్టము అతనికి అప్పగించినది.