సూక్ష్మతరంగ తాపంతో కాంక్రీటు క్యూరింగు: పశ్చిమ ప్రకాశం నీటి ఎద్దడి దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కాంక్రీటు గట్టిపడే తొలిదినాల్లో దానికి కావలసిన తేమను, వేడిమిని నిలిపి ఉంచడమే క్యూరింగు. మైక్రోవేవ్ తాపం ఈ ప్రక్రియను ఎలా వేగవంతం చేస్తుందో, నీటి ఎద్దడిగల మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు అది ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కాంక్రీటు, క్యూరింగు, మైక్రోవేవ్, వెలిగొండ, నీటి ఎద్దడి.

1. ప్రవేశిక

పశ్చిమ ప్రకాశం వర్షాభావ ప్రాంతం. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే గ్రామాల్లో, స్లాబుపై మడులు కట్టి రోజుల తరబడి నీరు నిలపడం గృహస్థుకు భారమే. భారత ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, పొడిగా వేడిగా ఉండే వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. ఇదే వాతావరణంలో మిశ్రమ సిమెంట్లకు 14 రోజులు అవసరమని ఆ ప్రమాణం సూచిస్తుంది. ఈ గడువును కుదిస్తే ఉపరితలం బలహీనపడి, పగుళ్లు ఏర్పడి, కాలక్రమంలో లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

2. తాపన సూత్రం

కాంక్రీటు గట్టిపడడమంటే ఆరిపోవడం కాదు. సిమెంటుకు, నీటికి మధ్య జరిగే రసాయనిక చర్య. ఉష్ణోగ్రత పెరిగితే ఆ చర్య వేగం పుంజుకొంటుంది. ఆవిరి క్యూరింగులో వేడి ఉపరితలం నుండి లోపలికి నెమ్మదిగా పాకుతుంది. మైక్రోవేవ్ పద్ధతిలో తరంగాలే లోపలికి చొచ్చుకొనిపోతాయి. సాధారణంగా 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో వేగంగా దిశ మారే విద్యుత్ క్షేత్రాన్ని అనుసరించబోయిన నీటి అణువుల కదలిక వేడిగా మారుతుంది. తాజా కాంక్రీటులో స్వేచ్ఛాజలం అధికం కనుక శోషణా అధికమే. గట్టిపడేకొద్దీ అది తగ్గుతుంది. అందువల్ల తొలిగంటల్లోనే ఈ తాపం సార్థకం. ఆ దశలో అచ్చు విప్పదగిన దృఢత్వం కొద్ది గంటల్లోనే సిద్ధిస్తుంది.

3. పరిమితులు

తరంగాల చొచ్చుబాటు కొన్ని సెంటీమీటర్లకే పరిమితం. 915 మెగాహెర్ట్జ్ తరంగాలు మరికొంత లోతుకు పోతాయి. ఇనుపకడ్డీలు తరంగాలను పరావర్తనం చేయడంతో వేడి అసమంగా వ్యాపిస్తుంది. అంతర్గత ఉష్ణోగ్రత సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఆ తరువాత తేమ తగిలినప్పుడు ఆలస్యంగా ఎట్రింగైట్ ఏర్పడి కాంక్రీటును చీల్చే ప్రమాదముంది. అతివేగంగా వేడిచేస్తే తొలినాటి బలం పెరిగినా తుదిబలం తగ్గవచ్చు. తరంగాలు బయటికి పొక్కని లోహపు గది తప్పనిసరి.

4. స్థానిక అన్వయం

శ్రీశైలం జలాశయం నుండి కృష్ణాజలాలను నల్లమల గుండా తెచ్చేందుకు 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టులో సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలున్నాయి. యంత్రంతో తొలిచిన ఇటువంటి సొరంగాల లోపలి గోడకు ముందుగా పోతపోసిన కాంక్రీటు ఖండాలను అమరుస్తారు. ఒకే అచ్చును పదేపదే వాడవలసిన ఇటువంటి పనుల్లో త్వరిత క్యూరింగు విలువ స్పష్టం. అయితే ఆ ఖండాల్లో ఇనుము ఉంటుంది కనుక మైక్రోవేవ్‌కు అవి సులభమైన వస్తువులు కావు. ఇనుములేని పలుచని పేవర్లు, దిమ్మెలు ఇందుకు మరింత అనుకూలం. ఇంటి స్లాబుకు మాత్రం ఈ పద్ధతి ఆచరణయోగ్యం కాదు. అక్కడ తడిపిన గోనెపట్టాలు, వాటిపై ప్లాస్టిక్ పరదా, లేదా క్యూరింగు పూతలే నీటిని ఆదా చేసే మార్గాలు.

5. ముగింపు

మైక్రోవేవ్ కాలాన్ని ఆదా చేస్తుంది. తేమ అవసరాన్ని తొలగించదు. వేడిచేసిన కాంక్రీటు నుండి నీరు మరింత త్వరగా ఆవిరవుతుంది కనుక తాపానంతరం కప్పి ఉంచడం అనివార్యం. కరవుసీమలో ముందుగా సాధించవలసినది ఉన్న తేమను పోనీయకుండా కాపాడడమే. త్వరిత తాపం దాని తరువాతి మెట్టు.