బ్లైండ్ రక్షణ (పోకర్)

పోకర్ అనే పేకాటలో చివరి స్థానంలోని ఆటగాడు తరచుగా పందెం పెంచి, బలవంతపు పందేలను తేలికగా గెలుచుకోకుండా అడ్డుకొనే పద్ధతిని బ్లైండ్ రక్షణ అంటారు. టెక్సాస్ హోల్డెమ్ అనే రకంలో దీనికి ప్రాధాన్యం ఎక్కువ.

నేపథ్యం

ఈ ఆటలో ఒక్కొక్కరికి 2 ముక్కలు పంచి, ఆపై ఉమ్మడిగా 5 ముక్కలు దశలవారీగా తెరుస్తారు. పంపకం స్థానానికి ఎడమవైపునున్న ఇద్దరు ముక్కలు చూడకముందే చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అనే పందేలు కాయాలి. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా ఆడటాన్ని బ్లైండ్ అంటారు. ఇక్కడ అది తప్పనిసరి పందెం పేరు. ఉమ్మడి ముక్కలు తెరిచాక పంపకం స్థానంలోనివారు అందరి ఎత్తులూ చూసి చివర ఆడతారు. అందుచేత ముందువారు తప్పుకొన్నప్పుడు, బలహీనమైన ముక్కలతోనూ పందెం పెంచడానికి వారు వెనుకాడరు.

లెక్క

బ్లైండ్లు 5, 10 బిళ్ళలనీ, చివరి ఆటగాడు 25కు పెంచాడనీ అనుకొందాం. అతడు 15 బిళ్ళల కోసం 25 ఒడ్డుతున్నాడు. బ్లైండ్లిద్దరూ 62.5 శాతం కన్న ఎక్కువ సార్లు తప్పుకొంటే, అతని చేతిలో ఏ ముక్కలున్నా లాభమే. ఒక్కొక్కరు 5 సార్లకు 4 సార్లు తప్పుకొంటే, ఇద్దరూ తప్పుకొనే అవకాశం 64 శాతం.

పెద్ద బ్లైండ్ మరో 15 చేర్చి కొనసాగితే మొత్తం 55 అవుతుంది. అంటే సుమారు 27 శాతం గెలుపు అవకాశం చాలు. అయితే తరువాతి దశల్లో ముందుగా ఆడవలసి రావడం వల్ల ఈ అవకాశం పూర్తిగా ఫలించదు. కనుక కొంత ఎక్కువే ఉండాలి.

పద్ధతులు

* పెద్ద బ్లైండ్ వరుస ముక్కలు, ఒకే రంగు ముక్కలతో కూడా కొనసాగవచ్చు.
* చిన్న బ్లైండ్ వెనుక ఇంకొకరు ఉంటారు. కనుక తిరిగి పెంచడమో, తప్పుకోవడమో మేలు.
* తిరిగి పెంచడానికి ఆసు ఉన్న చెయ్యి అనుకూలం. ఒక ఆసు మన వద్ద ఉంటే, ప్రత్యర్థికి ఆసుల జత రాగల విధాలు 6 నుండి 3కు తగ్గుతాయి.
* ప్రత్యర్థి అరుదుగా పెంచేవాడైతే ఈ రక్షణను తగ్గించాలి.

చట్టం

సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించి, మూడు ముక్కలాట నుండి వేరుచేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను నిషేధించింది. అనంతపురంతో సహా రాష్ట్రమంతటికీ ఇది వర్తిస్తుంది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదం చూడకుండా ఇటువంటి ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

పరిమితి

పై లెక్క సంభావ్యత సిద్ధాంతానికి చక్కని ఉదాహరణ. ఆదాయ మార్గం మాత్రం కాదు. నిర్వాహకులు ప్రతి పందెపు మొత్తం నుండి కొంత తీసుకొంటే, ఆటగాళ్ళందరి గెలుపోటములు కలిపినా మిగిలేది నష్టమే.