ఎరువు మిగులును, పొయ్యి వెలుగును

తెల్లవారగనే కొట్టమునుండి ఎత్తిన పేడకు మన పల్లెలలో రెండు దారులు కలవు. ఒకటి పెంటకుప్పకు, రెండవది పిడకల గోడకు. కుప్పకు చేరినది పొలమునకు బలమగును గాని పొయ్యికి పనికిరాదు. గోడకెక్కినది వంటకు వచ్చును గాని, పైరునకు అందవలసిన నత్రజని పొగతో కలిసి పోవును. ఆ పొగలో కండ్లు మండించుకొనునది ఇల్లాలు. వంటచెరకు దొరకని ఊరిలో పిడకలు చేయవద్దని ఆమెకు బోధించుట తేలిక. వేరొక దారి చూపుట అవసరము. ఆ మూడవ దారి గోబర్ గ్యాసు. ఎండ, గాలి, పారు నీరు వలెనే ఇదియు తరిగిపోని శక్తియే. పశువు మేసినంతకాలము పేడ వచ్చుచునే యుండును గదా!

చెరువు అడుగున బురదను కఱ్ఱతో కదిపినపుడు బుడగలు పైకి వచ్చుట మనమందరము చూచినదే. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా 1776లో ఒక సరస్సు అంచున అట్టి బుడగలను పట్టి, ఆ వాయువు మండునని కనుగొనెను. దాని పేరు మీథేను. గాలి చొరని చోట పేడ, ఆకు అలము కుళ్ళినపుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు దీనిని పుట్టించును. పాలు తోడుకొనుటకు వెచ్చదనము ఎట్లు కావలెనో, ఈ జీవులకును అట్లే కావలెను. చలిదేశములవారు తొట్టిని వెచ్చగా నుంచుటకు పడు శ్రమ మన మైదాన జిల్లాలలో చాలవరకు లేదు.

మన దేశమున ఈ విద్య కొత్తది కాదు. 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలోనే బొంబాయిలోని మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమమున మురుగునుండి వచ్చు వాయువును పట్టి వాడుకొనిరి. 1930 దశకపు చివర ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. వి. దేశాయి పేడపై ప్రయోగములు చేసిరి. 1951లో జశ్‌భాయి పటేల్ 'గ్రామలక్ష్మి' యను యంత్రమును రూపొందించిరి. బావివంటి గోతిలో పేడనీరు పోసి, దానిపై ఇనుప డ్రమ్మును బోర్లించుటయే అందలి కిటుకు. గ్యాసు పుట్టినకొలది డ్రమ్ము పైకి లేచును, వాడినకొలది దిగును. వంటకు గ్యాసు చాలునో చాలదో ఇల్లాలికి ఒక్క చూపుతో తెలియును. 1960 దశకమున ఖాదీ, గ్రామోద్యోగముల కమిషన్ దీనిని ఊరూరికి తీసికొని పోయినది.

డ్రమ్ము మంచిదే గాని ఖరీదైనది. ఏటేట రంగు వేయనిచో తుప్పు పట్టును. అందుచేత 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజీత్‌మల్ పరిశోధన కేంద్రమువారు డ్రమ్ము లేకుండ, భూమిలోనే ఇటుకల గుమ్మటముతో 'జనతా' నమూనాను తెచ్చిరి. ఇటుక, సిమెంటు మరింత తగ్గించి 1984లో 'దీనబంధు' వచ్చినది. వీటికి తుప్పు బెడద లేదు. కాని గుమ్మటము సన్నగా పగిలినను గ్యాసు జారిపోవును. కావున మేస్త్రి నేర్పరియై యుండవలెను.

ఇక లెక్క చూతము. 25 కిలోల పచ్చిపేడనుండి దాదాపు ఒక ఘనమీటరు గ్యాసు వచ్చును. నలుగురైదుగురుగల కుటుంబమునకు రెండు ఘనమీటర్ల తొట్టి చాలును. దానికి రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావలెను. అనగా కొట్టములో నాలుగైదు పశువులుండవలెను. పిడకల పొయ్యిలో పుట్టు వేడిలో సుమారు పదింట ఒక వంతు మాత్రమే గిన్నెకు చేరును. గ్యాసుపొయ్యిలో సగమునకు మించి చేరును. కనుక అదే పేడ పిడకగా కాల్చినదానికంటె గ్యాసుగా మండినపుడు వంటకు రెట్టింపునకు పైగా ఉపయోగించును. అంతయు అయిన పిమ్మట తొట్టినుండి వెలువడు పేడనీటిలో నత్రజని, భాస్వరము, పొటాషు మిగిలియే యుండును. పొయ్యి తిన్నది పొలమునకు తరుగు కాలేదన్నమాట.

ఇంత లాభముండగా తొట్లు ఇంటింట ఎందుకు నడచుట లేదని పాఠకులు అడుగవచ్చును. అడుగవలసినదే. 1981–82లో జాతీయ కార్యక్రమము ఆరంభమైన తరువాత దేశమంతట దాదాపు 50 లక్షల తొట్లు కట్టినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పును. కట్టిన వాటిని లెక్కించుట సులభము, మండుచున్న వాటిని లెక్కించుట కష్టము. మావంటి ప్రచారోద్యోగులు సులభమైన లెక్కనే ప్రకటించుచు వచ్చితిమి. ట్రాక్టరు వచ్చి కొట్టములో ఎద్దులు తగ్గెను. నాలుగు పశువులకని కట్టిన తొట్టికి ఒక గేదె పేడ చాలలేదు. వేసవిలో తాగునీటికే బిందెలు మోయు ఇంట తొట్టికి నీరెవరు మోయుదురు? ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము సిలిండరును పల్లెకు తెచ్చినవి. పేడ కలుపు పని ఇల్లాలిది, తొట్టి కట్టించు నిర్ణయము మగవారిది అయిన ఇంట, సిలిండరు రాగానే తొట్టి మూతపడుటలో వింత లేదు. ఆమెను తప్పుపట్టుట మాకు న్యాయముగా తోచదు.

కావున రేపటి మాట గ్యాసుమీదకంటె పేడనీటిమీద ఎక్కువగా ఆధారపడియున్నదని మా అభిప్రాయము. గుజరాత్‌లోని ఆణంద్ జిల్లా జకరియాపురాలో మహిళలు ఇంటింట తొట్లు పెట్టుకొని, వాడుకొనగా మిగిలిన పేడనీటిని సహకార పద్ధతిని అమ్మి ఆదాయము పొందిరి. పేడనీటికి ధర వచ్చిన చోట తొట్టికి రోజూ మేత వేయుటకు కారణముండును. పశువులు లేని చోట వేరు మేత కలదు. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతిని, రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్తతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయు ఏర్పాటు చేసిరి. 2018లో కేంద్ర ప్రభుత్వము గోబర్‌ధన్ పథకమును, బొగ్గుపులుసు వాయువును తీసివేసి శుద్ధిచేసిన గ్యాసును బండ్లకు ఇంధనముగా అమ్ము పథకమును ప్రకటించినది. అవి పెద్ద పెట్టుబడి పనులు. పల్లెటూరి రైతు ముందున్నది పెరటిలో మూతపడియున్న పాత తొట్టి.

దానిని తిరిగి నడుపదలచినవారు ఒక సంగతి మరువరాదు. పాత తొట్టిలో ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉండవచ్చును. మూత తీయగనే లోనికి దిగినవాడు కేక వేయకుండనే పడిపోవును, వానిని తీయబోయి దిగిన రెండవవాడును పడిపోవును. మూతలు తీసి, లోని మడ్డిని పైనుండియే తోడి, కొన్ని దినములు గాలి ఆడనిచ్చి, పని తెలిసిన మేస్త్రిని పిలువవలెను. అతడు దిగునపుడు నడుమునకు తాడు కట్టి, పైన ఇద్దరు ఉండవలెను. దగ్గర నిప్పు, చుట్ట, దీపము కూడవు.

పగుళ్ళు పూడ్చిన పిమ్మట, పొరుగున నడచుచున్న తొట్టినుండి నాలుగు బకెట్ల పేడనీరు తెచ్చి కొత్త పేడలో కలిపినచో, పాలకు తోడు పెట్టినట్లు పని త్వరగా సాగును. సబ్బునీరు, ఫినాయిలు నీరు అందులో పడనీయరాదు. మొదట వచ్చు గ్యాసులో గాలి కలిసియుండును గనుక దానిని వెలిగింపక బయటికి వదలి, తరువాత వచ్చినదానిని పొయ్యికి కలుపవలెను. మంట నీలముగా వచ్చినచో తొట్టి కుదురుకొన్నట్లే.