డబ్బా రేకు దాకా సాగే కోషర్ తనిఖీ

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురిలో టిన్‌ప్లేట్ కంపెనీ 1920లో ఏర్పడింది. ప్రధానంగా కిరోసిన్ డబ్బాల కోసం మొదలైన తగరపు పూత రేకు తయారీ, తరువాతి కాలంలో వంటనూనెలు, పండ్ల గుజ్జు నింపే డబ్బాలకూ ఆధారమైంది. ఉక్కును పలుచగా సాగదీసేటప్పుడు రాపిడి తగ్గించడానికి వాడే నూనెలు కొన్ని పశువుల కొవ్వు నుంచి వచ్చినవి కావడంతో, కొత్త లోహపాత్రను సైతం శుద్ధి చేయాలా అన్న ప్రశ్న యూదు మతపండితుల చర్చల్లోకి వచ్చింది.

యూదుల ఆహారనియమాలకు లోబడిన పదార్థాన్ని కోషర్ అంటారు. పంది మాంసం నిషిద్ధం, మాంసమూ పాలూ కలవరాదు, జలచరాలలో రెక్కలూ పొలుసులూ ఉన్న చేపలే తగినవి. కోస్తా ఆంధ్రలో విరివిగా పెంచే రొయ్య ఎంత శుభ్రమైనదైనా ఈ లెక్కలోకి రాదు. అమెరికాలోని ఆర్థడాక్స్ యూనియన్, స్టార్-కె వంటి సంస్థలు ముందుగా ప్రతి ముడిపదార్థం పేరూ, తయారీదారూ, మూలమూ నమోదు చేసి, ఆ జాబితాలో లేనిది కర్మాగారంలోకి రాకుండా ఒప్పందం చేసుకొని, తరచూ ముందస్తు సమాచారం లేకుండా పర్యవేక్షకుణ్ణి పంపుతాయి. మష్గియాఖ్ అని పిలిచే ఈ పర్యవేక్షకుడు గిడ్డంగిలోని పెట్టెల ముద్రలను జాబితాతో సరిపోలుస్తాడు.

వేడితో రుచి పాత్రలోకి ఇంకుతుందన్నది ఈ శాస్త్రానికి మూలసూత్రం. అందువల్లనే నిషిద్ధ పదార్థం ఉడికిన యంత్రాన్ని ఇరవైనాలుగు గంటలు ఖాళీగా ఉంచి, మరిగే నీటితో శుద్ధి చేయిస్తారు. కోషర్, కోషర్ కాని తయారీలు రెండింటికీ ఒకే బాయిలరు ఉంటే, చల్లారి నీరై తిరిగి వచ్చే ఆవిరి మార్గాన్నీ పరిశీలిస్తారు. మన దేశపు ఆకుపచ్చ చుక్క ప్రధానంగా పదార్థాన్ని చూస్తే, కోషర్ తనిఖీ యంత్ర చరిత్రనూ చూస్తుంది, దాని విశిష్టత అదే. భోజనశాలలో పర్యవేక్షణ మరింత సన్నిహితం: మాంసం వండేచోట మష్గియాఖ్ సాధారణంగా దగ్గరే ఉంటాడు, ఆకుకూరల్లో పురుగులను వెదుకుతాడు, పలుచోట్ల పొయ్యిని తానే వెలిగిస్తాడు.

ఇక మొదట చెప్పిన పశువుల కొవ్వు సంగతికి వస్తే, తగరపు రేకుపై చివరగా పూసే అతిపలుచని నూనెపొరకు నేడు ఎక్కువగా డయాక్టైల్ సెబకేట్ వాడతారు. దాని మూలమైన సెబాసిక్ ఆమ్లం ఆముదం నుంచి, అంటే మొక్క నుంచి, వస్తుంది.