పావగడలో ఒక ఇల్లు: ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు?

తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు. కర్ణాటకలోని పావగడ తాలూకాకు చెందిన ఈ అయిదు ఊళ్ల పొలాల్లో సుమారు 13,000 ఎకరాల మేర సోలార్ పలకలు పరుచుకుని ఉన్నాయి. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ సోలార్ పార్కు 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకు చేరింది. ఒక మెగావాటుకు ఏడాదికి దగ్గర దగ్గర 20 లక్షల యూనిట్లు వస్తాయనుకుంటే మొత్తం 400 కోట్ల యూనిట్ల పైమాటే. ఎకరాకు 40 గుంటల లెక్కన గుంట నేల ఏడాదికి 7,700 యూనిట్లు పండిస్తోందన్నమాట. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి కావలసింది 1,200. గుంటలో ఆరో వంతు నేల చాలు.

ఇకమీదట ఇంట్లో పర్యావరణానికి హాని తగ్గించుకుని బతుకుదామని తీర్మానించుకున్నవాళ్లు ముందుగా లైట్లు, ఫ్యాన్ల వైపే చూస్తారు. చూడవలసిందే. అయితే పావగడలో ఏ లెక్క తీసినా చివరికి నీళ్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. కరెంటు లెక్క కూడా అంతే.

కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి పథకం అమల్లో ఉంది. పథకం రాకముందటి ఏడాది సగటు వాడకానికి కొంత కలిపి, 200 యూనిట్లు దాటకుండా, అంతవరకు కరెంటు ఉచితం. పేదింటికి ఇది పెద్ద ఆసరా. అయితే కట్టవలసిన మొత్తం సున్నా అయ్యేసరికి బెస్కాం కరెంటు బిల్లును చదవడం మానేస్తున్నాం. చదవవలసింది రూపాయలు కాదు, ఎన్ని యూనిట్లు కాలాయన్న గడి. దేశం మొత్తం మీద గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనుక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. బిల్లు ఎవరు కట్టినా ఆ పొగ మారదు.

ఆ యూనిట్లు ఎక్కడ కాలుతున్నాయి? 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి, రోజుకు 5 గంటలు వెలిగిస్తే ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. 2015లో ఎల్‌ఈడీలు చౌకగా ఇచ్చే ఉజాలా పథకం వచ్చాక ఈ పని చాలా ఇళ్లలో అయిపోయింది. 75 వాట్ల ఫ్యాను బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రోజుకు 12 గంటల చొప్పున 200 రోజులు తిరిగితే 108 యూనిట్లు ఆదా. ఇక స్నానానికి రండి. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. అయిదుగురి స్నానాలకు రోజుకు 2.3 యూనిట్లు, ఏడాదికి 850. ఇంట్లోని మిగతా కరెంటంతా ఒక ఎత్తు, గీజర్ ఒక్కటే ఒక ఎత్తు. అండాకు కట్టెలు పెట్టే ఇళ్లలో ఇదే భారం పొగ రూపంలో ఆడవాళ్ల కళ్ల మీద, ఊపిరి మీద పడుతోంది. ఇంత ఎండ కాసే తాలూకాలో నీళ్లు కాచడానికి కరెంటు గానీ కట్టె గానీ కాల్చనక్కర్లేదు. మిద్దె మీద ఒక సోలార్ వాటర్ హీటర్ చాలు. డబ్బు ఒకే పనికి సరిపోయేలా ఉంటే నేనైతే ముందు దీనికే పెట్టమంటాను.

రూపాయి ఖర్చు లేని పని ఇంకొకటుంది. సోలార్ కరెంటు పగలే పుడుతుంది. పొద్దు వాలాక గ్రిడ్ మళ్లీ బొగ్గు మీద, జలవిద్యుత్తు మీద ఆనుకోవాలి. ట్యాంకు నింపే మోటారు, ఇస్త్రీ, గ్రైండరు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు మధ్యకు జరిపితే వాడకం తగ్గకపోయినా పొగ తగ్గుతుంది.

సోలార్ కరెంటే కదా అని పారబోయకూడదు, దానికీ ఒక వెల ఉంది. పార్కుకు నేల ఇచ్చిన రైతులకు ఎకరాకు ఏడాదికి రూ.21,000 కౌలుతో ఒప్పందం మొదలైంది, రెండేళ్లకోసారి అయిదు శాతం పెరుగుతుంది. అరవై ఏళ్లలో 54 సార్లు కరువు ప్రకటించారని చెప్పుకునే తాలూకాలో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం కంటే ఇది నికరమైన రాబడి. కానీ ఆ చేలల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన భూమిలేని కూలీలకు కౌలు రాదు. గొర్రెలు మేపుకునేవాళ్ల బీడు కంచె లోపలికి పోయింది. మిద్దె మీద ఒక కిలోవాటు పలకలకు పది చదరపు మీటర్ల చోటు చాలు, ఎవరి చేనూ పోదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు, అంతకు మించితే రూ.78,000 సబ్సిడీ ఉంది.

ఇక అసలు విషయం, బోరు. నీటి మట్టం 1,000 అడుగుల లోతున ఉంటే 1,000 లీటర్లు పైకి తేవడానికి భౌతిక శాస్త్రం ప్రకారమే 0.8 యూనిట్ కావాలి. మోటారు, పంపు, పైపుల నష్టాలు కలిస్తే రెండు యూనిట్లకు తక్కువ కాదు. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల్ జీవన్ మిషన్ ప్రమాణం. అయిదుగురికి 275 లీటర్లు, ఏడాదికి లక్ష. అంటే 200 యూనిట్లు మన మీటరులో కనపడకుండా పంచాయతీ మీటరులో తిరుగుతున్నాయి. వంటింటి కుళాయి రోజుకు 30 లీటర్లు కారిపోతే ఏడాదికి 11,000 లీటర్లు, 22 యూనిట్లు. వాషరు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు.

అంత లోతు నుంచి తెచ్చిన నీటిలోనూ ఫ్లోరైడ్. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. పళ్ల మీద పసుపు చారలు, వంగని మోకాళ్లు పావగడ పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన నీటి మేరకు ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఫిల్టర్ నీళ్లు. ఇంట్లో పెట్టుకునే ఆర్‌ఓ యంత్రం ఒక బిందె మంచినీళ్లకు రెండు మూడు బిందెలు బయటికి వదులుతుంది. ఆ నీటిని చెట్లకు, గొడ్లకు వాడవద్దు, ఫ్లోరైడ్, ఉప్పు అందులోనే పోగవుతాయి. మరుగుదొడ్డికి, బండలు కడగడానికి పక్కన పెట్టుకోండి.

పళ్లెంలోని నీటి సంగతి కూడా ఒక మాట. కిలో వడ్లు పండాలంటే పొలానికి సగటున 2,500 లీటర్ల నీరు అందాలన్నది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. గంగావతి, సింధనూరు వైపు ఆ నీరు తుంగభద్రది. పావగడకు తాగునీరు తెచ్చే పథకం కూడా ఆ నది మీదే ఆధారపడింది. రాత్రి అన్నానికి బదులు వానకు పండే రాగితో సంగటి చేసుకుంటే ఆ పూట తగ్గే నీరు కుళాయి కట్టేసి మిగిల్చేదాని కంటే చాలా ఎక్కువ.

మళ్లీ తాగే నీటికి వస్తే, వాన నీటిలో మాత్రం ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, దాన్ని పైకి తోడనక్కర్లేదు. తాలూకాలో ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వాన. ముప్పై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు మిద్దె అంటే 84 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. అయిదో వంతు తరుగు తీసేసినా 33,000 లీటర్లు. కరువొచ్చి వాన సగమే పడినా 16,000. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుంటే అయిదుగురికి 25. నవంబరు నుంచి మే నెల సగం దాకా 200 రోజులకు 5,000 లీటర్లు. తొట్టి అంత పెద్దదైతే చాలు, 75 మిల్లీమీటర్ల వానకు నిండిపోతుంది.

చేసే తీరు ముఖ్యం. సీజనుకు ముందు మిద్దె ఊడ్చి, పాచి గీకాలి. దిగే గొట్టానికి ఒక పక్క దారి పెట్టి, దాని కొసకు మూత బిగించాలి. దుమ్ము, పిట్టల రెట్ట కలిసిన మొదటి వాన మూత తీసి బయటికి వదలాలి. తర్వాతి నీరు గులకరాళ్లు, ఇసుక వేసిన డబ్బా గుండా తొట్టిలోకి. వెలుతురు పడితే పాచి పడుతుంది, కంత ఉంటే దోమ చేరుతుంది. కాబట్టి మూత గట్టిగా ఉండాలి, పొర్లు గొట్టానికి సన్నని జాలీ కట్టాలి. చెంబు ముంచకుండా కుళాయితో పట్టుకోవాలి. తాగేముందు కాచి చల్లార్చాలి, ఈ నీటిలో తీయవలసింది క్రిములను, అవి కాచితే చస్తాయి. పావగడలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. ఆగస్టు లోపల గొట్టం బిగించుకుంటే ఈ ఏటి నీళ్లే తొట్టిలోకి దిగుతాయి.