విద్యాదానము, విద్యాధికారము

సింగపూరు నగరమున లిటిల్ ఇండియా యని వ్యవహరింపబడు సెరంగూన్ రోడ్డు ప్రాంతములో, పూలదండలకును, పప్పుదినుసులకును, బంగారు నగలకును పేరుపడిన అంగళ్లకు చేరువనే, సయ్యద్ అల్వీ రోడ్డుమీద ఆర్యసమాజమువారి మందిరమొకటి కలదు. ఆ సమాజమువారు 1989లో ఆరంభించిన డి.ఏ.వి. హిందీ పాఠశాల పుట్టుకను పరిశీలించినచో, సర్కారు చదువునకు బయటివారి ధనము తోడగునప్పుడు తలయెత్తు రాజకీయము స్పష్టముగ గోచరించును.

ఆ దేశపు బడులలో బోధన ఆంగ్లమున జరుగును. దానితోపాటు ప్రతి విద్యార్థియు మాతృభాష యను పేర మరియొక భాషను నేర్వవలెను. అధికారభాషలైన చీనా, మలయు, తమిళములకు ఉపాధ్యాయులను నియమించి జీతములిచ్చునది ప్రభుత్వమే. తమిళేతర భారతీయుల బిడ్డలు ఏమి చదువవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, 1990 ప్రాంతమున హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలకు పరీక్షలలో స్థానము లభించెను గాని, బోధనాభారము మాత్రము, పైన చెప్పిన హిందీ పాఠశాలను నడుపు సమాజమువంటి, ఆయా భాషీయుల సంఘములపై పడెను. గది తరచుగ సర్కారు బడిది, పరీక్ష సర్కారుది, పంతులు మాత్రము సంఘమువాడు! సింగపూరు తెలుగు సమాజము 1975 నుండి యున్నను, ఆ యైదింటిలో తెలుగు లేదు. కావున అచ్చటి తెలుగు బిడ్డ బడిలో సాధారణముగ తమిళమునో హిందీనో పట్టవలసినదే.

బయటివారు పెట్టిన బడి అచ్చట కొత్త కాదు. సోఫియా బ్లాక్‌మోర్ అను మెథడిస్టు మిషనరీ వనిత 1887లో, లిటిల్ ఇండియాకు దాపుననున్న షార్ట్ స్ట్రీటున, తొమ్మండుగురు భారతీయ బాలికలతో ఆరంభించిన బడియే నేటి మెథడిస్ట్ గర్ల్స్ స్కూలు. ఇటువంటి మిషను బడులును, చీనా వంశసంఘముల బడులును అనేకము తరువాత ప్రభుత్వపు గ్రాంటు పుచ్చుకొని ఎయిడెడ్ బడులైనవి. పాఠ్యక్రమమును పరీక్షలును ప్రభుత్వమునవే. అయినను ఒకటవ తరగతి ప్రవేశములలో, బడితో ప్రత్యక్షసంబంధము గల చర్చి లేక వంశసంఘపు సభ్యుల బిడ్డలకై ప్రత్యేకపు విడత నేటికిని కలదు. తాతలిచ్చిన మూలధనమునకు మనుమలు తినుచున్న వడ్డీ యిది.

ఈ దోషమునకు విరుగుడుగ కనిపించునది సిండా, అనగా సింగపూరు భారతీయుల అభివృద్ధి సంఘము, అనుసరించు పద్ధతి. 1991లో ఏర్పడి, సెరంగూన్ రోడ్డును ఆనుకొనియున్న బీటీ రోడ్డున కార్యాలయము గల యీ సంస్థకు, భారతసంతతి ఉద్యోగుల జీతములనుండి నెలకు 1 డాలరు మొదలు 30 డాలర్లవరకు, రాబడినిబట్టి చందా చేరును. ఇష్టము లేనివారు వ్రాసియిచ్చి తప్పుకొనవచ్చును. తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగియు అందు భాగస్వామియే. ఆ సొమ్ముతో వెనుకబడిన భారతీయ బాలబాలికలకు ట్యూషను తరగతులు నడచును. చందాదారులు వేలకొలది యగుటచే, తన పేరు గోడకెక్కవలెనని అడుగువాడు లేడు. అయితే మలయులకు 1982లో మెండాకీయు, చీనావారికి 1992లో మరియొక సంస్థయు వేర్వేరుగ ఏర్పడినందున, దారిద్ర్యమునకు జాతి యేమిటని విమర్శించువారు కలరు. మన పిల్లల యింటి తలుపు మనవారు తట్టిననే తెరుచుకొనునని సమర్థించువారును కలరు. ఎట్లయినను, మందిగల జాతికి పెద్ద నిధియు, మంది తక్కువైన జాతికి చిన్న నిధియు సమకూరుట సహజము.

మన యింటి ముచ్చటయు దీనికి దూరము కాదు. 2019లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన నాడు–నేడు, 2022లో తెలంగాణమున ఆరంభమైన మన ఊరు–మన బడి యను సర్కారు బడుల బాగుసేత పథకములు రెండును ప్రవాసుల సహాయమును కోరినవే. తెలంగాణమున పెద్ద మొత్తములిచ్చినవారు చెప్పిన పేరు బడికే పెట్టుదుమనిరి. ప్రవాసి తన యూరి బడికే యిచ్చును. అది ప్రేమ, తప్పు కాదు. కాని విదేశమునకు ఒక్కడైనను పోని యూరి బడికి ఎవరిత్తురు? సంఘబలము గల భాషకు పంతులు దొరకినట్లే, ప్రవాసులు గల యూరికి ప్రహరీగోడ దొరకును.

దానము దాత యున్నచోటికి పోవును గాని లేమి యున్నచోటికి తనంత తాను పోదు. దానిని మరలించుటయే ప్రభుత్వము చేయవలసిన పని. దాతల సొమ్మును ఉమ్మడి నిధిలో చేర్చి అవసరమునుబట్టి పంచవలెను. గదికి పేరు పెట్టనిచ్చినను, ప్రవేశములందును బోధనయందును దాతకు మాట యుండరాదు. ఏటేట ఈయవలసిన పంతుళ్ల జీతములను ఒక్కసారి యిచ్చి మరలిపోవు దాతపై మోపరాదు. ఈ మూడు కట్టుబాట్లు లేనిచోట, దాతృత్వము ఎంత నిష్కపటమైనను, పిల్లల నడుమనున్న అంతరమును పెంచునే గాని తగ్గింపదు.